లఘు విద్యుజ్జాలాలు - ప్రతినిధుల పాలన

మీట నొక్కగానే దీపం వెలుగుతుంది. ఈ అనుభవం మనకెంత అలవాటైపోయినదంటే, మీటకూ దీపానికీ నడుమ ఏమి జరుగుతున్నదో విచారించవలసిన అవసరమే మనకు తోచదు. దీపం ఆరిపోయిన రాత్రి మాత్రమే ఆ విచారణ మొదలవుతుంది. పరీక్షలు దగ్గర పడిన రోజులలో ఆ విచారణ ఎంత తీవ్రంగా ఉంటుందో విద్యార్థులకు నేను చెప్పనవసరం లేదు.

విద్యుచ్ఛక్తికి ఒక విచిత్ర స్వభావమున్నది. ధాన్యాన్ని గాదెలో పోసినట్లు, నీటిని చెరువులో నిలిపినట్లు తీగలలో విద్యుత్తును నిలువ చేయలేము. ఏ క్షణాన ఎంత ఖర్చవుతున్నదో ఆ క్షణాన అంతే పుట్టాలి. ఈ సమతౌల్యం చెడినదని తెలిపే గుర్తు పౌనఃపున్యము. మన దేశంలో విద్యుత్ ప్రవాహం సెకనుకు 50 ఆవృత్తులు తిరగాలి, అనగా 50 హెర్ట్జ్‌లు ఉండాలి. ఎగుడు దారిలో బండి నడక మందగించినట్లు, వాడకం పెరిగితే జనరేటర్ల వేగం తగ్గుతుంది; వాడకం తగ్గితే వేగం హెచ్చుతుంది. మన జాతీయ విద్యుజ్జాలంలో ఈ సంఖ్య 49.90, 50.05ల నడుమ ఉండాలని నియమం. ఇంత సన్నని గీత మీద దేశం యావత్తూ నడుస్తున్నది.

ఈ సమతౌల్యాన్ని ఎవరు కాపాడాలి? పెద్ద జాలంలో అందుకు ప్రత్యేక కేంద్రాలూ, శిక్షణ పొందిన ఇంజనీర్లూ ఉన్నారు. పన్నెండిళ్ల పల్లెకో, ఒక ఆసుపత్రికో పరిమితమైన చిన్న జాలంలో ఆ బాధ్యత ఎవరిది? చాలినంత విద్యుత్తు లేనప్పుడు ఎవరి దీపం ముందుగా ఆరాలో నిర్ణయించేదెవరు? ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు చెప్పిన సమాధానాలలో ఒకటి బహు ఏజెంట్ల వ్యవస్థ. దాని స్వరూపాన్ని, ప్రయోజనాన్ని, పరిమితులను వివరించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

చిన్నదాని నుండి పెద్దదానికి

విద్యుజ్జాలాలు పుట్టినప్పుడు చిన్నవే. 1882 సెప్టెంబరు 4న న్యూయార్కు నగరంలోని పెర్ల్ వీధిలో థామస్ ఎడిసన్ ప్రారంభించిన కేంద్రం మొదట వెలిగించినవి సుమారు 400 దీపాలు. మన హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున 1920లో నెలకొల్పిన థర్మల్ కేంద్రం కూడా నగరం కోసం నగరంలోనే విద్యుత్తు పుట్టించిన కేంద్రమే. కాలక్రమాన ఊరి జాలం జిల్లాతో, జిల్లా రాష్ట్రంతో, రాష్ట్రం దేశంతో కలిసింది. ఈ కలయిక వలన గొప్ప మేలు జరిగింది. ఒక చోట యంత్రం చెడితే మరొక చోటి యంత్రం ఆదుకొంటుంది. కొండలలోని జలవిద్యుత్తు మైదానాల కర్మాగారాలను నడుపుతుంది.

అయితే కలిసి నిలిచేవి కలిసి కూలటం కూడా సంభవమే. 2012 జులై 30 తెల్లవారుజామున బీనా, గ్వాలియర్ల మధ్య అధిక భారంతో ఉన్న 400 కిలోవోల్టుల మార్గం తెగిపోయింది. దాని భారం పక్క మార్గాల మీద పడి అవి కూడా వరుసగా విడిపోగా ఉత్తర భారత జాలమంతా స్తంభించింది. మరునాడు మధ్యాహ్నం ఉత్తర, తూర్పు, ఈశాన్య జాలాలు మూడూ ఒక్కసారి కూలాయి. 60 కోట్లకు పైగా ప్రజలు నివసించే ప్రాంతాలలో రైళ్లు నిలిచిపోయాయి. గనులలో కార్మికులు చిక్కుకొన్నారు. ఆనాడు మన దక్షిణ జాలం మిగిలిన దేశంతో ఏక పౌనఃపున్యంలో కలిసి లేదు. అందువలన తెలుగు ప్రాంతాలకు ఆ చీకటి సోకలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు - షోలాపూర్ మార్గం ద్వారా దక్షిణ జాలమూ కలిసిన తరువాత దేశమంతా ఒకే జాలమైనది. ఈ ఐక్యత అవసరమే. కాని పెద్ద జాలం కూలినప్పుడు ఆసుపత్రి, మంచినీటి పంపు, పాఠశాల తమంత తాము కొద్ది గంటలైనా నిలువగలిగే ఏర్పాటు కూడా అవసరమే.

లఘు జాలం అంటే ఏమి?

కొన్ని సౌర ఫలకాలు, ఒక బ్యాటరీ సముదాయం, ఒక డీజిల్ జనరేటరు, కొన్ని ఇళ్లు - వీటన్నిటినీ కలిపే తీగలు. దాదాపు ఇదే లఘు విద్యుజ్జాలం. మైక్రోగ్రిడ్ అని వాడుక. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ లాసెటర్ 2002లో ఈ భావనకు స్పష్టమైన రూపమిచ్చారు. దాని ముఖ్య లక్షణం పరిమాణం కాదు, ప్రవర్తన. పెద్ద జాలంతో కలిసి ఉన్నప్పుడు అది ఒక క్రమశిక్షణ గల వినియోగదారు. పెద్ద జాలం చెడినప్పుడు విడిపోయి ఒక ద్వీపంలాగా తన కాళ్లపై తాను నిలుస్తుంది. నిజమైన ద్వీపాలలోనూ, అడవి పల్లెలలోనూ పెద్ద జాలమే లేదు కనుక అక్కడ దానికి ఎల్లప్పుడూ ద్వీప జీవితమే.

ఇది కేవలం ఊహ కాదు. 2011 మార్చి 11న జపానులో మహా భూకంపం వచ్చినప్పుడు సెండాయ్ నగరంలోని తోహోకు ఫుకుషి విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఇటువంటి జాలమున్నది. నగరంలో విద్యుత్తు లేని ఆ రోజులలో అక్కడి బ్యాటరీలూ, కొంత అంతరాయం తరువాత మనుషులు తిరిగి నడిపించిన గ్యాసు ఇంజన్లూ ఆసుపత్రికి విద్యుత్తు నందించాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకి, స్తంభాలు నేలకొరిగి, నగరం చీకటిలో మునిగిన రోజులను చూచినవారికి ఇటువంటి జాలం విలువ వేరే చెప్పనక్కరలేదు.

మాట్లాడని సహకారం

లఘు జాలంలో పాలన రెండు మూడు అంచెలలో సాగుతుంది. మొదటి అంచె అతివేగమైనది. అక్కడ సంప్రదింపులకు వ్యవధి లేదు. ఒకే కాడికి కట్టిన రెండెద్దులను గమనించండి. ఏ ఎద్దూ రెండవ ఎద్దుతో మాట్లాడదు. కాడి ఒక వైపు వంగగానే బరువు ఎంతో రెండింటికీ తెలిసిపోతుంది. విద్యుత్ యంత్రాల మధ్య పౌనఃపున్యమే ఆ కాడి.

ఒక ఉదాహరణ తీసుకొందాం. 10 కిలోవాట్ల యంత్రమొకటి, 5 కిలోవాట్ల యంత్రమొకటి ఒకే తీగకు కలిసి ఉన్నవి. భారం లేనప్పుడు 50 హెర్ట్జ్‌లు, నిండు భారంతో 49 హెర్ట్జ్‌లు ఉండేలా రెండింటినీ అమర్చారు. ఊరికి 9 కిలోవాట్లు కావాలి. పౌనఃపున్యం 49.4 వద్ద నిలుస్తుంది. ఆ సంఖ్య వద్ద ప్రతి యంత్రమూ తన శక్తిలో నూటికి 60 వంతులు ఇస్తుంది. అనగా పెద్దది 6, చిన్నది 3 కిలోవాట్లు. ఎవరూ ఆజ్ఞాపించలేదు, ఎవరూ లెక్క కట్టలేదు. ఐనా బలానికి తగిన పంపకం జరిగింది. ఇది చాలా అందమైన ఏర్పాటు.

కాని ఈ ఏర్పాటుకు ముందుచూపు లేదు. సాయంత్రం మబ్బు పట్టవచ్చునని దానికి తెలియదు. బ్యాటరీని రాత్రికి దాచుకోవాలని తెలియదు. డీజిల్ ఖరీదైనదని తెలియదు. ఆసుపత్రిలోని మందుల ఫ్రిజ్‌కూ, వరండాలోని అలంకార దీపానికీ గల తేడా అసలే తెలియదు. ఆ తేడాలు తెలిసినవారు పై అంచెలో ఉండాలి.

ఒక్క మెదడు చాలదా?

పై అంచెలో ఒక కంప్యూటరును కూర్చోబెట్టి, అన్ని ఇళ్ల లెక్కలనూ దానికి పంపి, అన్ని ఆజ్ఞలనూ దాని నుండే వెలువరించవచ్చును. ఇది కేంద్రీకృత పాలన. చాలా చోట్ల ఇది చక్కగా పనిచేస్తున్నది కూడా. అయితే దీనికి మూడు చిక్కులున్నాయి.

మొదటిది, ఆ ఒక్క కంప్యూటరు చెడితే ముందుచూపు అంతా ఒక్కసారి పోతుంది. రెండవది, రేపు ఒక కొత్త ఇంటివారు తమ కప్పు మీద సౌర ఫలకం పెట్టుకొంటే ఆ కంప్యూటరులోని లెక్కలను తిరిగి దిద్దవలసి వస్తుంది. మూడవది, సౌర ఫలకం ఒకరిది, బ్యాటరీ ఒక సహకార సంఘానిది, జనరేటరు పంచాయతీది అయినప్పుడు ఎవరి హితమేమిటో పూర్తిగా ఒకే చోట తెలియటమూ కష్టమే, తెలుపటానికి అందరూ ఒప్పుకోవటమూ కష్టమే. ఎవరు ఏ గంటలో ఇంట ఉన్నారో, ఎప్పుడు నిద్రించారో విద్యుత్ లెక్క చూచి చెప్పవచ్చును గదా!

ఏజెంటు అనగా వకీలు

ఇక్కడ ప్రవేశించినదే ఏజెంటు. ఏజెంటు అంటే మర మనిషి కాదు. చిన్న కంప్యూటరులో నడిచే ఒక ప్రోగ్రాము మాత్రమే. అయితే అది ఒకరి పక్షాన వ్యవహరించే ప్రోగ్రాము. భాష బోధించేవారికి ఈ సందర్భంలో ఒక మాట స్ఫురిస్తుంది. ఉర్దూలోనూ తెలుగులోనూ సమానంగా చెలామణి అయ్యే 'వకీలు' అనే అరబ్బీ పదానికి అసలు అర్థం ఇదే: మరొకరి తరఫున పని చక్కబెట్టేవాడు. తెలుగులో 'వకాల్తా పుచ్చుకొను' అనే పలుకుబడి కూడా అక్కడ నుండి వచ్చినదే. బ్యాటరీకి ఒక వకీలు, డీజిల్ జనరేటరుకు ఒక వకీలు, ప్రతి ఇంటికి ఒక వకీలు - ఇటువంటి వకీళ్ల సభయే బహు ఏజెంట్ల వ్యవస్థ.

ఏజెంటుకు ఉండవలసిన గుణాలను మైకేల్ వూల్‌డ్రిడ్జ్, నికొలస్ జెన్నింగ్స్ అనే శాస్త్రజ్ఞులు 1995లో నాలుగుగా చెప్పారు. ఒకటి, ప్రతి అడుగుకూ ఇతరుల ఆజ్ఞ కోసం ఎదురుచూడని స్వతంత్రత. రెండు, తోటి ఏజెంట్లతో సంభాషించే శక్తి. మూడు, పరిసరాలలోని మార్పును గ్రహించి వెంటనే స్పందించటం. నాలుగు, తన లక్ష్యం కోసం తానే చొరవ తీసుకోవటం. మామూలు స్విచ్చికి వీటిలో మూడవ గుణం కొంత ఉన్నదేమో, మిగిలినవి లేవు. ఈ ఏజెంట్ల సంభాషణకు ఒక ఉమ్మడి భాష ఉండాలి. 'కోరుతున్నాను', 'అంగీకరిస్తున్నాను', 'నిరాకరిస్తున్నాను' వంటి మాటల రూపాలను నిర్ణయించటానికి 1996లో ఒక అంతర్జాతీయ సంస్థ ఏర్పడింది. వేర్వేరు చోట్ల తయారైన ఏజెంట్లు ఒకరినొకరు అర్థం చేసుకోవాలంటే ఈ వ్యాకరణం తప్పనిసరి.

బేరం జరిగే విధానం

ఏజెంట్లు ఒప్పందానికి వచ్చే పద్ధతులలో మనకు బాగా పరిచితమైనది టెండరు పద్ధతి. 1980లో రీడ్ స్మిత్ దీనిని కంప్యూటర్ల కోసం క్రమబద్ధంగా రూపొందించారు. పని ఉన్నవారు ప్రకటన చేస్తారు. చేయగలవారు తమ తమ షరతులు పంపుతారు. మేలైనదానికి పని దక్కుతుంది.

ఒక పల్లెను ఊహించుకొందాం. మధ్యాహ్నం మబ్బు కమ్మి సౌర విద్యుత్తు 6 కిలోవాట్లు తగ్గింది. మొదటి అంచెలోని కాడి ఆ బరువును ఆ క్షణానికి మోసింది. ఈలోగా సౌర ఫలకాల ఏజెంటు 'అరగంట పాటు 6 కిలోవాట్లు కావాలి' అని చాటింది. బ్యాటరీ ఏజెంటు యూనిట్ 7 రూపాయల చొప్పున 4 కిలోవాట్లు ఇస్తానన్నది. డీజిల్ ఏజెంటు యూనిట్ 24 రూపాయల చొప్పున 5 కిలోవాట్లు ఇవ్వగలనన్నది. మంచినీటి పంపు ఏజెంటు తన తొట్టి ముప్పాతిక నిండి ఉన్నదని చూచుకొని, 'యూనిట్‌కు 3 రూపాయలు నా ఖాతాలో వేస్తే నా 2 కిలోవాట్ల వాడకం అరగంట ఆపుకొంటాను' అన్నది. మందుల ఫ్రిజ్ ఏజెంటు నిరాకరించింది. అది దాని ధర్మం. ఫలితమేమి? పంపు వదులుకొన్న 2, బ్యాటరీ ఇచ్చిన 4 కలిసి 6 అయినవి. డీజిల్ జనరేటరును కదిలించనవసరం రాలేదు.

ఇందులో గమనింపదగినది పంపు ఏజెంటు పాత్ర. కొత్తగా విద్యుత్తు పుట్టించటం ఎంత సహాయమో, వాడకాన్ని కొంతసేపు వాయిదా వేయటం కూడా అంతే సహాయం. తొట్టిలోని నీరు ఒక విధంగా నిలువ ఉన్న విద్యుత్తే.

ఇదే అవసరం అర్ధరాత్రి వచ్చినదనుకొందాం. బ్యాటరీ అడుగంటుతున్నది; తెల్లవారేవరకు మందుల ఫ్రిజ్‌ను నడిపే భారం దాని మీదే ఉన్నది. అప్పుడు బ్యాటరీ ఏజెంటు యూనిట్‌కు 30 రూపాయలు అడుగుతుంది. డీజిల్ 24 రూపాయలకే వస్తున్నది కనుక జనరేటరు నడుస్తుంది. ఇక్కడ ధర అంటే లాభం కాదు. కొరత ఎంత తీవ్రంగా ఉన్నదో తెలిపే సంకేతం.

బేరం అవసరం లేని పద్ధతి మరొకటి ఉన్నది. ప్రతి ఏజెంటు తన పొరుగువారిని మాత్రమే అడిగి, కొంచెం కొంచెంగా తన అంకెను వారి వైపు జరుపుకొంటుంది. వరుసగా ఉన్న మూడు బ్యాటరీలలో నూటికి 30, 50, 70 వంతుల నిలువ ఉన్నదనుకొందాం. ప్రతి పొరుగుతో గల తేడాలో మూడవ వంతు చొప్పున అంచనా సవరించుకొంటే ఒక విడతకు ఆ అంకెలు దాదాపు 37, 50, 63 అవుతాయి. మరొక విడతకు 41, 50, 59. కొన్ని విడతలలో ముగ్గురికీ సగటు 50 అని తెలుస్తుంది. మొదటి బ్యాటరీకి మూడవ బ్యాటరీ ముఖపరిచయం కూడా లేదు. ఐనా ఉమ్మడి పరిస్థితి అందరికీ తెలిసింది. ఏ ఏజెంటైనా నియమిత వ్యవధిలో బదులివ్వకపోతే మిగిలినవారు దానిని వదిలి లెక్క సాగిస్తారు. ఒక్కరు పడిపోయినంత మాత్రాన సభ ఆగదు.

కిత్నోస్ ద్వీపంలో జరిగిన ప్రయోగం

గ్రీసు దేశానికి చెందిన కిత్నోస్ ఏజియన్ సముద్రంలో ఒక చిన్న ద్వీపం. 1982లోనే అక్కడ గాలిమరలతో విద్యుత్తు పుట్టించారు. ఆ ద్వీపంలో గైదురోమాంద్ర అనే లోయ ఉన్నది. ఆ పేరుకు గాడిదల దొడ్డి అని అర్థం. ద్వీపంలోని పెద్ద జాలం ఆ లోయకు చేరలేదు. అక్కడి 12 ఇళ్ల కోసం 2001లో ఒక లఘు జాలాన్ని నెలకొల్పారు. అందులో ఉన్నవి మొత్తం 10 కిలోవాట్ల సౌర ఫలకాలు, 53 యూనిట్లు నిలువ చేయగల బ్యాటరీలు, 5 కిలోవాట్ల డీజిల్ జనరేటరు. బ్యాటరీని తీగకు కలిపేందుకు ఒక్కొక్కటి 3.6 కిలోవాట్ల చొప్పున మూడు ఇన్వర్టర్లు.

మొదట ఈ జాలం మాట్లాడని సహకారంతోనే నడిచింది. బ్యాటరీ నిండినప్పుడు ఇన్వర్టరు పౌనఃపున్యాన్ని పెంచుతుంది. దానిని గుర్తించి సౌర ఫలకాలు ఉత్పత్తి తగ్గిస్తాయి. బ్యాటరీ అడుగంటినప్పుడు పౌనఃపున్యాన్ని తగ్గిస్తుంది. దానిని గుర్తించి ఇళ్లలోని స్విచ్చి పెట్టెలు కొన్ని వాడకాలను కత్తిరిస్తాయి. ఈ సంకేతం ఊరి చాటింపు వంటిది. డప్పు మోత అన్ని ఇళ్లకూ ఒకే విధంగా వినిపిస్తుంది. రోజంతా పంపు తిప్పినవారికీ అదే కోత. ఉదయం నుండి ఒక్క దీపమైనా వేయనివారికీ అదే కోత. చాటింపుకు ఇంటింటి సంగతి తెలియదు గదా!

ఏథెన్సులోని జాతీయ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన నికోస్ హట్జియార్గిరియు, అరిస్ డిమియాస్ ఈ విషయమై దీర్ఘకాలం పరిశోధించారు. లఘు జాలాన్ని ఏజెంట్ల ద్వారా నడిపే విధానాన్ని వారు 2005లో ఒక ప్రసిద్ధ పరిశోధన పత్రంలో వివరించారు. అందులో పంపకాల కోసం వేలం పద్ధతిని వాడారు. ఆ గణిత విధానాన్ని 1979లో రూపొందించినవారు దిమిత్రి బెర్ట్‌సెకాస్. తరువాత ఐరోపా దేశాలు కలిసి చేపట్టిన పథకంలో భాగంగా ఈ వ్యవస్థను గైదురోమాంద్రలోనే పరీక్షించారు. కొన్ని ఇళ్లలో పాత స్విచ్చి పెట్టెల స్థానంలో చిన్న కంప్యూటరు గల పెట్టెలను అమర్చారు. ప్రతి పెట్టెలోనూ ఆ ఇంటి ఏజెంటు ఉన్నది. అక్కడి ఇళ్లకు నీరు సరఫరా చేసే పంపులు ఒక్కొక్కటి 1 నుండి 2 కిలోవాట్ల వరకు లాగుతాయి. అంత చిన్న జాలంలో నాలుగైదు పంపులు ఒక్కసారి తిరిగితే ఆ భారమెంతో పాఠకులే లెక్క వేసుకోవచ్చును. ఎండ పుష్కలంగా ఉన్న వేళ పంపులు తిరగటం, ఉన్న శక్తిని ఇళ్లు పంచుకోవటం, డీజిల్ వాడకం తగ్గటం - ఇవే ఆ ఏజెంట్ల చర్చకు లక్ష్యాలు. చాటింపు పోయి సంభాషణ వచ్చింది. ఇదే ఆ ప్రయోగం సారాంశం.

ఎవరి దీపం ముందు ఆరాలి?

ఇంతవరకు చెప్పినది వింటే సమస్య తీరినట్లే తోస్తుంది. కాని అసలు సమస్య ఇక్కడే మొదలవుతుంది. వేలంలో ఎక్కువ పాడినవానికి వస్తువు దక్కుతుంది. విద్యుత్తు విషయంలో కూడా అదే నియమమైతే, ధనికుని ఇంటి ఏజెంటు గది చల్లబరచుకొనుటకు 40 రూపాయలు పాడుతుంది. కూలివాని ఇంటి ఏజెంటు పిల్లవాడి చదువు దీపానికి 5 రూపాయలు మాత్రమే పాడగలుగుతుంది. లెక్క ప్రకారం దీపం ఆరి, చల్లని యంత్రం తిరుగుతుంది. గణితంలో ఏ దోషమూ లేదు. ఏజెంట్లు రెండూ తమ వకాల్తాను నిజాయితీగా నెరవేర్చాయి. ఐనా ఆ నిర్ణయం న్యాయమని మన మనస్సు ఒప్పుకోదు.

కనుక వేలానికి ముందే కొన్ని నిబంధనలు ఉండాలి. ఉదాహరణకు, మందుల ఫ్రిజ్, ప్రసూతి గది, మంచినీరు మొదటి వరుసలో ఉండి వేలానికి అతీతం కావచ్చును. ప్రతి ఇంటికీ రోజుకు ఇన్ని యూనిట్లని కనీస వాటా ఇచ్చి, మిగిలినదానికే వేలం పెట్టవచ్చును. నిన్న త్యాగం చేసిన ఇంటికి నేడు ప్రాధాన్యమివ్వవచ్చును. ఈ మూడింటినీ ఏజెంట్లకు నేర్పటం సాంకేతికంగా కష్టం కాదు. కాని ఏది నేర్పాలో ఏజెంటుకు తెలియదు, ఇంజనీరు ఒక్కడు నిర్ణయించదగినదీ కాదు. వకీలు ఎంత సమర్థుడైనా వకాల్తానామా వ్రాసి ఇచ్చేది కక్షిదారుడే. ఆ పల్లె ప్రజలు చెట్టు క్రింద కూర్చుండి, వాదించుకొని, ఒక అంగీకారానికి వచ్చి, ఆ అంగీకారాన్ని ఇంజనీరుకు చెప్పాలి. యంత్రాల నడుమ ఒప్పందం కుదరటానికి ముందు మనుషుల నడుమ ఒప్పందం కుదరాలి.

వేలంలో అబద్ధానికి కూడా తావున్నది. తొట్టి నిండి ఉన్నా 'నాకు నీరు చాలా అవసరం' అని ఒక ఏజెంటు చెప్పవచ్చును. తాను చెప్పినది నిజమో కాదో మీటరు లెక్కతో సరిచూచే ఏర్పాటు లేని సభలో, నిజం చెప్పినవాడే నష్టపోతాడు.

జాగ్రత్తలు

మరికొన్ని పరిమితులను కూడా దాచరాదు. తీగ తెగినప్పుడు, షార్ట్ సర్క్యూట్ జరిగినప్పుడు రక్షణ సెకనులో అతి స్వల్ప భాగంలో జరగాలి. అక్కడ బేరాలకు చోటు లేదు; ఫ్యూజులూ, బ్రేకర్లూ చేయవలసిన పని అది. ఏజెంట్ల పని సెకనులు, నిమిషాలు, గంటల లెక్కలో సాగేది. వార్తలు మోసే తీగ తెగితే ఏజెంట్లు మూగవోతాయి; అప్పుడు కూడా కాడి వంటి మొదటి అంచె జాలాన్ని నిలబెట్టేలా ఏర్పాటుండాలి.

భద్రత మరొక సమస్య. 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్ దేశంలో దూరాన ఉన్న దుండగులు కంప్యూటర్ల ద్వారా మూడు పంపిణీ సంస్థలలో చొరబడి బ్రేకర్లను తెరిచారు. సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కొన్ని గంటలపాటు విద్యుత్తు పోయింది. సిబ్బంది సబ్‌స్టేషన్లకు స్వయంగా వెళ్లి చేతితో స్విచ్చులు వేసి సరఫరా పునరుద్ధరించారు. నియంత్రణ అనేక ఏజెంట్లకు పంచితే ఒకే కోటను పట్టుకొని అంతా వశపరచుకోవటం కష్టమవుతుంది. కాని తలుపుల సంఖ్య పెరుగుతుంది. ప్రతి తలుపుకూ గట్టి తాళం కావాలి. అన్నిటికంటె ముఖ్యంగా, చేతితో వేయగల స్విచ్చి ఒకటి ఎప్పుడూ మిగిలి ఉండాలి.

ముగింపు

కళాశాలలో ఒక అపోహ ఉన్నది. విజ్ఞానశాస్త్రం చదివేవారికి యంత్రాలు, సాహిత్యం, సాంఘిక శాస్త్రాలు చదివేవారికి మనుషులు అని మనం పంచుకొన్నాం. లఘు విద్యుజ్జాలం ఆ పంపకాన్ని ఒప్పుకోదు. పౌనఃపున్యాన్ని లెక్కించటానికి భౌతికశాస్త్ర విద్యార్థి కావాలి. ఏజెంట్ల ప్రోగ్రాము వ్రాయటానికి గణితం తెలిసినవారు కావాలి. కనీస వాటా ఎంత, మొదటి వరుసలో ఎవరు అనే ప్రశ్నకు అర్థశాస్త్రం, నీతి, చరిత్ర చదివినవారు కావాలి. ఆ నిర్ణయాన్ని పల్లెలోని వృద్ధురాలికి ఆమె మాటలలో చెప్పి, ఆమె అభ్యంతరాన్ని ఇంజనీరుకు అతని మాటలలో వినిపించటానికి రెండు మూడు భాషలు చక్కగా తెలిసినవారు కావాలి.

రేపు మన విద్యార్థులలో కొందరు ఇటువంటి జాలాలను నిర్మించవచ్చును. ఎక్కువమంది వాటి వెలుగులో జీవించవచ్చును. ఏ పక్షాన ఉన్నా వారు ఒక ప్రశ్న మరచిపోకుండుగాక: ఈ రాత్రి విద్యుత్తు చాలకపోతే ఎవరి దీపం ముందు ఆరుతుంది, ఆ నియమాన్ని వ్రాసినదెవరు? ఈ ప్రశ్నకు సమాధానం బహిరంగంగా చెప్పగలిగిన ఊరిలో, జాలం ఎంత చిన్నదైనా ప్రజలు దానిని తమదిగా భావిస్తారు. చెప్పలేని ఊరిలో ఎన్ని ఏజెంట్లున్నా అవి ఎవరి పక్షాన వాదిస్తున్నాయో ఎవరికీ తెలియదు.